నీటిరంగుల్లో చేయి తిరగడమంటే ఏమిటి?

వీడియోలో ఆకాశం 40 సెకన్లలో అయిపోతుంది. అదే నీలం, అదే కుంచె, అదే కొలత కాగితం ముందు పెట్టుకుని మనం వేస్తే మబ్బులు రావాల్సిన చోట కాలీఫ్లవర్ పువ్వులాంటి మరకలు తేలతాయి. చేయి తిరగలేదనుకుని మర్నాడు మళ్లీ వేస్తాం. మళ్లీ అదే మరక. ఇలా నెలల తరబడి ఒకే చోట ఆగిపోయినవాళ్లు నీటిరంగుల్లో చాలామందే ఉంటారు. ఖరీదైన రంగులు కొనాలా, కాగితం మార్చాలా, రోజుకో బొమ్మ వేయాలా, అసలీ విద్య పుట్టుకతోనే రావాలా అన్న ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి.

వేగం పెంచిన ఆ వీడియోలో కత్తిరించేసిన ముక్క ఒకటుంది. మొదటి పూత వేశాక చిత్రకారుడు కుంచె కింద పెట్టి, తల కాస్త పక్కకు వంచి, కాగితం మీది మెరుపును చూస్తూ ఊరుకున్న ఐదారు నిమిషాలు. నీటిరంగుల్లో నేర్చుకోవాల్సిన దాంట్లో పెద్ద వాటా ఆ నిమిషాలదే. నేర్చుకునేవాళ్ల తప్పుల్లో చాలావాటికి మూలం నీళ్లు, సమయం. నింద మాత్రం చేతి మీదో రంగు డబ్బా మీదో పడుతుంది.

## గొట్టంలో ఏముంది, కాగితం మీద ఏం జరుగుతుంది

నీటిరంగులో ముఖ్యంగా మూడు ఉంటాయి. మొదటిది రంగునిచ్చే మెత్తని పొడి, అంటే పిగ్మెంట్. రెండోది దాన్ని కాగితానికి పట్టి ఉంచే గమ్ అరబిక్; తుమ్మజాతి చెట్ల బంక ఇది. మూడోది రంగు ఎండి పెచ్చులు లేవకుండా కాస్త చెమ్మ నిలిపే గ్లిజరిన్, కొన్ని తయారీల్లో తేనె.

అక్రిలిక్ ఆరితే ప్లాస్టిక్ పొరలా గట్టిపడుతుంది, మళ్లీ కరగదు. గమ్ అరబిక్ అలా కాదు, ఎప్పుడు నీళ్లు తగిలినా మెత్తబడుతుంది. అందుకే ఆరిన నీటిరంగును తడి కుంచెతో కొంతవరకు పైకి లేపేయొచ్చు. అందుకే పై పూత వేస్తూ కుంచెను అటూ ఇటూ రుద్దితే కింది పూత లేచి వచ్చి కలిసిపోతుంది కూడా. వరమూ చిక్కూ ఒకే బంకలో ఉన్నాయి.

రంగు పలుచగా ఉన్నప్పుడు వెలుగు దాని గుండా వెళ్లి, కాగితం తెల్లదనాన్ని తాకి, వెనక్కి వస్తుంది. నీటిరంగు బొమ్మకు ఆ లోపలి వెలుగు అలా వస్తుంది. ఇక్కడ తెలుపు అంటే కాగితమే కాబట్టి, పని లేత రంగుల నుంచి ముదురు రంగులకు నడుస్తుంది. ముదురు వేశాక దాని మీద లేత వేస్తే కనిపించదు.

మామూలు కాగితం నీళ్లను బ్లాటింగ్ పేపర్‌లా పీల్చేస్తుంది. నీటిరంగుల కాగితానికి తయారీలోనే జెలటిన్ లాంటి జిగురు పట్టిస్తారు, దాన్ని సైజింగ్ అంటారు. రంగునీళ్లు కాసేపు పైనే నిలిచి, కుంచె చెప్పినట్టు వినేది దీనివల్లే. గట్టి రబ్బరుతో పెన్సిల్ గీతలు తుడిచిన చోట, మాస్కింగ్ ఫ్లూయిడ్‌ను (తెల్లగా మిగలాల్సిన చోట ముందే పూసే రబ్బరు ద్రవం) గబుక్కున లాగేసిన చోట ఈ సైజింగ్ చెదిరిపోతుంది. అక్కడ రంగు లోపలికి ఇంకిపోయి, పోగొట్టలేని ముదురు మచ్చ పడుతుంది. బొమ్మ మధ్యలో ఎక్కడి నుంచో వచ్చినట్టుండే మచ్చల్లో చాలావాటి పుట్టుక పెన్సిల్ దశలోనే.

ఇక అంచుల సంగతి. రంగునీటి చుక్క అంచు దగ్గర పలుచగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. అక్కడ తగ్గిన నీళ్లను పూడ్చడానికి మధ్యలోంచి నీళ్లు అంచుకు పారతాయి, పోతూ పోతూ పిగ్మెంటును మోసుకుపోతాయి. బల్ల మీద ఒలికిన కాఫీ చుక్క ఆరాక చుట్టూ ముదురు వలయం మిగిలేది ఇందుకే. దీని భౌతిక కారణాన్ని షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1997లో వివరించారు. పొడి కాగితం మీద వేసిన పూతకు గట్టి అంచు వచ్చేదీ ఈ సూత్రంతోనే.

కాలీఫ్లవర్ మరక దీని చుట్టమే. దాన్ని బ్లూమ్ అనీ బ్యాక్‌రన్ అనీ అంటారు. సగం ఆరిన పూత మీద అంతకంటే ఎక్కువ నీళ్లున్న కుంచె తగిలితే, కొత్త నీళ్లు తక్కువ తడి ఉన్న వైపు దూసుకుపోతాయి. దారిలోని పిగ్మెంటును నెట్టుకుంటూ పోయి, ఆగిన చోట వంకరటింకర అంచుగా వదిలేస్తాయి. చేయి వణికినా వణకకపోయినా ఈ మరక వస్తుంది.

## రెండు తడులు: కాగితానిదీ కుంచెదీ

ఏ క్షణంలోనైనా బల్ల మీద రెండు తడులు ఉంటాయి. ఒకటి కాగితంలో, ఒకటి కుంచెలో. ఫలితాన్ని తేల్చేది ఆ రెంటి మధ్య తేడా.

కాగితం తడిని నాలుగు దశలుగా చూడొచ్చు. మొదటి దశలో నీళ్లు పైన నిలబడి అద్దంలా మెరుస్తాయి. కాగితం వంచితే జారతాయి. ఇప్పుడు వేసిన రంగు ఎటు పడితే అటు కొట్టుకుపోయి, చివరికి లేతబడి తేలిపోతుంది. రెండో దశలో నీళ్లు లోపలికి దిగి, పైన పట్టుబట్ట మీది నిగారింపు లాంటి సన్నని మెరుపు మిగులుతుంది. మెత్తని అంచుల మబ్బులకు, పొగమంచులోని చెట్లకు ఇదే అదను. మూడో దశలో మెరుపు పోతుంది, కానీ అరచేయి వెనక భాగం ఆనిస్తే చల్లగా తగులుతుంది. చూడ్డానికి ఆరినట్టే ఉండే ఈ దశ అన్నిటికంటే ప్రమాదకరం. బ్లూమ్‌లలో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. నాలుగోది పూర్తిగా ఆరిన దశ; చల్లదనం ఉండదు, వంగిన కాగితం చాలావరకు సాపు అవుతుంది.

కుంచెలోని తడికి కొలత పాలెట్ మీదే ఉంది. రంగు కలిపి పాలెట్‌ను వంచి చూడండి. మడుగు వెంటనే పారితే పలుచని రంగు. నెమ్మదిగా జారుతూ వెనక ఒక పొర వదిలితే మధ్యస్తం. కదలకుండా ఉంటే చిక్కనిది. టీ, పాలు, మీగడ అంటూ చాలామంది పోల్చి చెప్పే చిక్కదనాలు ఇంచుమించు ఇవే. అయితే మడుగు చిక్కగా ఉన్నా కుంచె పొట్టలో నీళ్లు మిగిలి ఉంటే లాభం లేదు. కడిగిన కుంచెను ముందు గుడ్డకు అద్ది, ఆ తర్వాత రంగులో ముంచాలి. నేర్చుకునేవాళ్లు తరచుగా మరిచిపోయే ఈ అద్దడం, వీడియోల్లో చట్రానికి బయటే జరిగిపోతుంది.

సూత్రం ఒక్క వాక్యంలో చెప్పాలంటే: తడి కాగితంలోకి రెండోసారి వెళ్లే కుంచెలో నీళ్లు కాగితంలో కంటే తక్కువ ఉండాలి. రెండో దశలో మధ్యస్తపు రంగు, మూడో దశలో చిక్కని రంగు మాత్రమే. మూడో దశలో పలుచని రంగు వేయాలని మనసు పీకుతుంటే, పూర్తిగా ఆరనిచ్చి వేయడమే దారి.

దీన్ని చదివి గుర్తుపెట్టుకోవడం కంటే ఒకసారి కళ్లారా చూడటం మేలు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాగితం మీద 5 సెంటీమీటర్ల గళ్లు ఆరు గీయండి. అల్ట్రామెరైన్ నీలంతో మధ్యస్తపు రంగు కలిపి, ఆరింటినీ వరసగా గబగబా నింపండి. నింపిన నిమిషానికి మొదటి గడిలో ఒక చుక్క మంచినీళ్లు వదలండి. 3 నిమిషాలకు రెండో గడిలో, 5కు మూడో దాంట్లో, తర్వాత 7, 10, 15 నిమిషాలకు మిగతా వాటిలో. చుక్క వేసే ముందు ప్రతిసారీ కాగితాన్ని కంటి ఎత్తుకు తెచ్చి మెరుపు ఎలా ఉందో గడి కింద రాసుకోండి. మొదటి గడిలో చుక్క పడిన గుర్తు దాదాపు కలిసిపోతుంది. మధ్య గళ్లలో ఎక్కడో ఒకచోట బ్లూమ్ విచ్చుకుంటుంది. చివరిది అప్పటికే ఆరి ఉంటే చుక్క తన హద్దులోనే నిలిచి, వట్టి వలయం మిగులుతుంది. అది ఎన్నో నిమిషంలో వచ్చిందన్నది గాలిలో చెమ్మను బట్టి, కాగితాన్ని బట్టి రోజుకో రకంగా మారుతుంది. మెరుపుకీ ఫలితానికీ ఉన్న సంబంధం మాత్రం మారదు. అందుకే "ఐదు నిమిషాలు ఆగి వేయండి" అన్న సలహా ఒక ఊరిలో పనిచేసి ఇంకో ఊరిలో చెడిపోతుంది. రెండో వరసలో ఇదే ప్రయోగాన్ని నీళ్ల చుక్కకు బదులు చిక్కని రంగుతో చేస్తే, బ్లూమ్ వచ్చిన దశలోనే చక్కటి మెత్తని అంచు రావడం కనిపిస్తుంది.

హెయిర్ డ్రయర్ గురించి ఒక మాట. మొదటి రెండు దశల్లో దాని గాలి మడుగును తోసి రంగును చెదరగొడుతుంది. మెరుపు పోయాక వాడితే ఇబ్బంది లేదు. కానీ వేడెక్కిన కాగితం మీద వెంటనే తర్వాతి పూత వేస్తే అది లెక్క తప్పి ముందే ఆరుతుంది.

## చారలు లేని పూత ఎందుకంత కష్టం

ఒకే రంగుతో సమంగా పరిచే పూతను ఫ్లాట్ వాష్ అంటారు. చూడ్డానికి ఇంతకంటే తేలికైన పని లేదు, కానీ చాలామందికి చారలు పడతాయి. కారణాలు రెండే: చిన్న కుంచె, చాలని రంగు. మొదటి వరస ఆరేలోగా రెండో వరస దాన్ని అందుకోవాలి. 6వ నంబరు కుంచెతో వెడల్పాటి ఆకాశం వేస్తే అది అందదు. మధ్యలో రంగు అయిపోయి మళ్లీ కలుపుకుంటూ కూర్చుంటే అసలే అందదు. 15 × 20 సెంటీమీటర్ల పూతకు ఒక టీస్పూను రంగునీళ్లు సరిపోతాయనిపించినా రెండు కలిపి పెట్టుకోవాలి. బోర్డును 10 నుంచి 15 డిగ్రీలు వంచితే ప్రతి వరస అడుగున రంగునీళ్లు ఒక ధారలా నిలుస్తాయి. తర్వాతి వరస ఆ ధారను తాకుతూ దాన్ని కిందికి దించాలి. చివర్లో మిగిలిన ధారను ఒత్తిన కుంచెతో పీల్చేయకపోతే, పైభాగం ఆరుతున్న సమయంలో ఆ నీళ్లు వెనక్కి పాకి అడుగున బ్లూమ్ వస్తుంది. వేసేటప్పుడు బాగానే ఉండి, తిరిగొచ్చి చూస్తే చెడిపోయిన వాష్‌ల వెనక సంగతి ఇదే.

## ఆరితే లేతబడే రంగు

తడి మట్టి ముదురుగా, ఎండిన మట్టి లేతగా ఉంటుంది కదా. నీటిరంగూ అంతే. తడిగా ఉన్నప్పుడు నీటి పొర వెలుగును లోపలికి పంపుతుంది. ఆరాక గరుకు ఉపరితలం మీద వెలుగు చెదిరి రంగు లేతబడుతుంది. తడిగా ఉన్నప్పుడు "ఇదీ సరైన రంగు" అనిపించిందంటే, ఆరాక అది చాలదన్నమాట. ఎంత తేడా అన్నది పిగ్మెంటును బట్టి మారుతుంది కాబట్టి, వాడే ప్రతి రంగుతోనూ ఒక పట్టీ వేసి, ఆరాక దాని పక్కనే అదే మడుగులోంచి కొత్త పట్టీ వేసి చూడటం ఒక్కటే నమ్మదగ్గ పద్ధతి.

ఈ తేడా తెలియకపోతే బొమ్మ మొత్తం వెలిసిపోయినట్టు వస్తుంది. ముదురు–లేత తేడాను చిత్రకారులు టోన్ అనీ వాల్యూ అనీ అంటారు. మొదట్లో వేసే బొమ్మల్లో రంగులు సరిగానే ఉంటాయి, టోన్లు మాత్రం అన్నీ మధ్యలోనే ఇరుక్కుంటాయి. దీనికి సాయం చేసే కసరత్తు చిన్నది. బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు, అల్ట్రామెరైన్ కలిపితే వచ్చే బూడిద రంగుతో ఐదు గళ్లు వేయండి. ఒకటోది కాగితం తెలుపు, ఐదోది మీ పాలెట్ ఇవ్వగలిగినంత ముదురు, మధ్యవి మూడూ సమానమైన అడుగులు. చాలామందికి మొదటిసారి ఐదోదీ నాలుగోదీ ఒకేలా వస్తాయి, ఎందుకంటే ముదురు కావాలంటే ఎంత తక్కువ నీళ్లు వాడాలో చేతికి నమ్మకం కుదరదు. ప్రతి రంగూ ఐదో గడి దాకా రాదని కూడా గమనించండి. నిమ్మపసుపు ఎంత చిక్కగా వేసినా లేత టోనే. పసుపు నీడ ముదురుగా కావాలంటే రంగే మారాలి.

## రంగు బురదగా మారేది ఎప్పుడు

"మూడు రంగుల కంటే ఎక్కువ కలపొద్దు" అన్న మాట ప్రతి చోటా వినిపిస్తుంది. అందులో సగం నిజముంది. గొట్టం మీద ఒక పేరున్నా లోపల రెండు మూడు పిగ్మెంట్లు ఉండొచ్చు. సాప్ గ్రీన్ సాధారణంగా ఒక పసుపూ ఒక ఆకుపచ్చా కలిపి చేసింది. పేన్స్ గ్రే చాలా తయారీల్లో నీలం, నలుపు, కొన్నిట్లో ఇంకొకటి. ఈ రెండు గొట్టాలు కలిపి, కాస్త ఎరుపు వేసి నీడ రంగు చేద్దామనుకుంటే, మూడు రంగులనుకున్నది ఐదారు పిగ్మెంట్ల కలగలుపు అవుతుంది. ఒక్కో పిగ్మెంటు వెలుగులో ఒక్కో భాగాన్ని మింగేస్తుంది కాబట్టి, చివరికి వెనక్కి వచ్చే వెలుగు మిగలదు.

మిగతా సగం వేరే చోట ఉంది. రెండే పిగ్మెంట్లతోనూ బురద వస్తుంది. మూడో దశలో ఉన్న పూతను కుంచెతో కెలికితే పైకీ కిందకీ తేడా పోయి రంగు మొద్దుబారుతుంది. చప్పటి గోధుమ రంగు దానికదే బురద కాదు; సరైన టోన్‌లో, ఒక్క దెబ్బలో పెడితే అదే రంగు చక్కటి నీడగా నిలుస్తుంది. బురద అని మనం పిలిచేది చాలాసార్లు ఒకే చోట ఐదుసార్లు తాకిన ఫలితం. కాబట్టి బురద కనిపించినప్పుడు ముందు అడగాల్సింది ఎన్ని రంగులు కలిపామని కాదు, ఆ చోటికి ఎన్నిసార్లు తిరిగొచ్చామని.

విద్యార్థుల శ్రేణి రంగుల వాటా కూడా ఇందులో ఉంది. వాటిలో పిగ్మెంటు తక్కువ, నింపుడు పదార్థం ఎక్కువ. ముదురు టోన్ ఒక్క పూతలో రాదు, మూడు పూతలు వేయాల్సి వస్తుంది, మూడో పూతలో కింది రెండూ లేస్తాయి. తప్పు చేతిదిలా కనిపిస్తుంది.

## గొట్టం మీద ఉన్న అక్షరాలు

పేర్లు మోసం చేస్తాయి, పిగ్మెంట్ కోడ్ చేయదు. పీబీ 29 అంటే ఏ కంపెనీదైనా అల్ట్రామెరైన్. గింజలు గింజలుగా కాగితం గుంటల్లో దిగే గుణం దానిది. ఆ గుణాన్ని గ్రాన్యులేషన్ అంటారు. పీబీ 15 థాలో నీలం. కాగితానికి పట్టుకుంటే వదలదు, కాబట్టి రంగును తర్వాత లేపి మబ్బులు తీద్దామనుకునేవాళ్లకు అది పనికిరాదు, అల్ట్రామెరైన్ కొంత వదులుతుంది. పేరు చివర "హ్యూ" అని ఉంటే అసలు పిగ్మెంటు బదులు వేరేవాటితో ఆ రంగును అనుకరించారని అర్థం. అది నాసిరకమని కాదు, కానీ కలిపినప్పుడు అసలుదానిలా ప్రవర్తించకపోవచ్చు.

వెలుగుకు ఎంతకాలం నిలుస్తుందో చెప్పేది లైట్‌ఫాస్ట్‌నెస్. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ లెక్కలో 1 మేలైనది, అంకె పెరిగేకొద్దీ మన్నిక తగ్గుతుంది. పీఆర్ 83 కోడ్ ఉన్న అసలు అలిజరిన్ క్రిమ్సన్ ఈ విషయంలో పేరుమోసిన బలహీనురాలు, ఎండ తగిలే గోడ మీద వెలిసిపోతుంది. దాని స్థానంలో పీవీ 19 లాంటి క్వినాక్రిడోన్ ఎరుపులు వచ్చాయి. కళ్లు చెదిరే ఫ్లోరసెంట్ గులాబీలదీ అదే బలహీనత. సాధన కాగితాలకు ఇది పట్టించుకోనక్కర్లేదు. ఎవరికైనా ఇచ్చే బొమ్మకైతే పట్టించుకోవాలి. ఒక కిటికీ అద్దానికి రంగు పట్టీలు సగం కప్పి అతికించి, కొన్ని నెలలయ్యాక చూస్తే లేబుల్ మాట నిజమో కాదో తేలిపోతుంది.

## మంచి కాగితం ముందా తర్వాతా

ఇది తెగని వాదన. ఒక పక్షం, చవక కాగితం మీద చేయి కుదిరాకే కాటన్ కాగితానికి వెళ్లమంటుంది. ఖరీదైన కాగితం ముందుంటే భయంతో చేయి బిగుసుకుపోతుంది, తప్పులు చేసే ధైర్యం ఉండదు, ఎన్ని బొమ్మలు వేస్తే అంత నేర్చుకుంటారు అన్నది వాళ్ల మాట. భయం సంగతి నిజమే. తెల్లగా మెరిసే కొత్త కాగితం చూసి పెన్సిల్ కూడా పెట్టలేకపోయినవాళ్లు లెక్కలేనంతమంది.

రెండో పక్షం, చవక కాగితం తప్పుడు పాఠాలు నేర్పుతుందంటుంది. చెక్క గుజ్జు కాగితాల మీద నీళ్లు ఎక్కువగా పైనే నిలిచి, ఒక్కో చోట ఒక్కోలా ఆరతాయి. పైన చెప్పిన రెండో దశ వాటిలో చాలా కొద్దిసేపే ఉంటుంది, కొన్నిట్లో దాదాపు ఉండదు. కాటన్ పోగులు నీళ్లు పట్టి ఉంచుతాయి కాబట్టి అదే దశ నిలకడగా, ఎక్కువసేపు నడుస్తుంది. లేని దశను గుర్తుపట్టడం ఎవరూ నేర్చుకోలేరు. ఈ వాదనకే బరువు ఎక్కువ, కనీసం తడి మీద తడి పనికి, అంటే తడి కాగితం మీద తడి రంగు వేసే పనికి.

అయితే చెక్క గుజ్జు కాగితం దేనికీ కొరగాదనడం అన్యాయం. టోన్ స్కెచ్‌లకు, రంగుల కలయికలు చూసుకోవడానికి, పెన్ను గీతల మీద పలుచని రంగు వేయడానికి అది చాలు. వేసిన రంగు దానిమీద తేలిగ్గా లేస్తుంది కూడా. చాలామంది చివరికి చేరే దారి మధ్యేమార్గం: 22 × 30 అంగుళాల కాటన్ ఫుల్ షీట్‌ను పొడవులో నాలుగుగా, వెడల్పులో రెండుగా కోస్తే 7.5 × 11 అంగుళాల ముక్కలు ఎనిమిది వస్తాయి. ఇంకోసారి సగం చేస్తే పదహారు. రెండు వైపులా వాడుకుంటే ఒక్క షీటు మీద 32 ప్రయత్నాలు. చిన్న ముక్క చేతిలో ఉంటే ఆ భయమూ సగానికి తగ్గుతుంది.

బరువు విషయం క్లుప్తంగా: 190 జీఎస్ఎం కాగితం తడికి బాగా ఉబ్బుతుంది, బోర్డుకు గమ్ టేపుతో బిగించి వాడాలి. 300 జీఎస్ఎం, అంటే 140 పౌండ్లది, చిన్న కొలతల్లో నాలుగు పక్కలా టేపు వేస్తే చాలు. 640 జీఎస్ఎం ఏమీ బిగించకుండానే నిలుస్తుంది.

## తెల్ల రంగు వాడితే తప్పా

స్వచ్ఛమైన నీటిరంగు బొమ్మలో తెలుపంతా కాగితానిదే కావాలని కొందరు గట్టిగా నమ్ముతారు. పారదర్శక నీటిరంగులకే పరిమితమైన ప్రదర్శనల్లో దీనికి నియమాలూ ఉంటాయి. చరిత్ర చూస్తే మాత్రం గీత అంత స్పష్టంగా లేదు. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1502లో వేసిన కుందేలు బొమ్మలో పలుచని నీటిరంగు మీద అపారదర్శకమైన రంగుతో వెంట్రుకలు తీర్చాడు. రంగుల కంపెనీ విన్సర్ అండ్ న్యూటన్ 1834లోనే జింక్ ఆక్సైడ్‌తో చేసిన చైనీస్ వైట్‌ను అమ్మకానికి తెచ్చింది. ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్, తెల్లవి కాని రంగు కాగితాల మీద తెల్ల రంగు విరివిగా వాడాడు.

నేర్చుకునేవాళ్ల కోణంలో ప్రశ్న వేరు. తెల్లని పడవను కాగితంగానే మిగల్చాలంటే మొదటి పూతకు ముందే దాని చుట్టూ ఎలా వెళ్లాలో ఆలోచించాలి. ఆ ముందుచూపు నీటిరంగుకు ప్రాణం, తెల్ల రంగు చేతికి అందుబాటులో ఉంటే అది అలవడదు. అంతా అయ్యాక పడవ తాడు మీద ఒక మెరుపు గీత పెట్టడానికి గువాష్ (అపారదర్శకమైన నీటిరంగు) వాడితే ఆ విద్యకేమీ నష్టం లేదు. పెద్ద తెలుపులు కాగితానివి, చిన్న మెరుపులు గొట్టానివి అన్న పంపకం చాలామందికి సరిపడుతుంది.

## ఎంత సాధన, ఎలాంటి సాధన

పది వేల గంటలు సాధన చేస్తే ఏ విద్యైనా పట్టుబడుతుందన్న మాట అందరి నోటా నానింది. దాని మూలం మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో ప్రచురించిన పరిశోధన. బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థులను గమనించింది. అందులో మేటి విద్యార్థులు 20 ఏళ్ల వయసుకు సగటున పది వేల గంటలకు పైగా సాధన చేసినట్టు తేలింది. అది సగటే తప్ప దాటగానే తలుపు తెరుచుకునే గడప కాదని ఎరిక్సనే తర్వాత చెప్పారు. 2014లో బ్రూక్ మెక్‌నమారా బృందం అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, మనుషుల మధ్య నైపుణ్యంలో కనిపించే తేడాలో సాధన వాటా చదరంగం లాంటి ఆటల్లో 26 శాతం, సంగీతంలో 21, క్రీడల్లో 18 అని వచ్చింది. గురిపెట్టి చేసే సాధననూ మామూలు సాధననూ ఒకే గాటన కట్టారని ఎరిక్సన్ దాన్ని తప్పుపట్టారు. సాధన ఒక్కటే చాలుననే పక్షానికీ, పుట్టుకతోనే రావాలనే పక్షానికీ ఈ లెక్కలు పూర్తి సాక్ష్యం ఇవ్వవు. పైగా ఇవి చిత్రలేఖనం అంకెలు కావు.

వారానికి ఐదు గంటలు దొరికే ఇద్దరిని ఊహించండి. ఒకరు ఐదు పూర్తి బొమ్మలు వేస్తారు, ప్రతిదాంట్లో కొత్త విషయం, కొత్త రంగులు. బొమ్మ చెడితే గీత వల్లా, టోన్ వల్లా, తడి వల్లా అన్నది తేలదు, ఎందుకంటే అన్నీ ఒకేసారి మారాయి. రెండోవారు ఒకే చెట్టు గీతను ఐదు ముక్కల మీదికి ట్రేస్ చేసి, ఐదింటిలోనూ అవే రెండు రంగులు వాడి, నేపథ్యం ఏ దశలో ఉండగా చెట్టు వేశారన్నది మాత్రమే మారుస్తారు. చెడినా బాగున్నా కారణం ఒక్కటే. ట్రేసింగ్ మోసమన్న వాదనకు ఇక్కడ చోటు లేదు, గీత ఈ ప్రయోగంలో పరీక్షాంశమే కాదు. అలాగని నెలల తరబడి ట్రేస్ చేస్తూ పోతే చూసి గీయడం రాదు. అది వేరే విద్య, దానికి వేరే గంటలు కావాలి. వట్టి కసరత్తులతోనే గడిపితే బొమ్మను కూర్చే చూపు ఎండిపోతుందన్న అభ్యంతరమూ సబబే. ఐదు గంటల్లో మూడు ఇలాంటి ప్రయోగాలకూ, రెండు ఒక పూర్తి బొమ్మకూ ఇవ్వడం సమంజసంగా తోస్తుంది.

మరో పరిశోధన నేరుగా చిత్రాల గురించే. 2008లో నేట్ కోర్నెల్, రాబర్ట్ బ్యోర్క్ 12 మంది చిత్రకారుల శైలులను విద్యార్థులకు నేర్పారు, ఒక్కొక్కరివి ఆరు చిత్రాలు. కొందరివి వరసగా ఒకేచోట చూపారు, మిగతావారివి కలగలిపి చూపారు. కొత్త చిత్రం చూసి ఎవరిదో గుర్తుపట్టడంలో కలగలిపి చూసిందే ఎక్కువ ఉపకరించింది. విచిత్రమేమిటంటే, వరసగా చూసినప్పుడే బాగా నేర్చుకున్నామని చాలామంది విద్యార్థులు అనుకున్నారు. ఇది గుర్తుపట్టడం గురించే తప్ప వేయడం గురించి కాదు. కానీ తడి దశను గుర్తుపట్టడమూ చూపుకు సంబంధించిందే కాబట్టి, ఒక పూటంతా ఒకే రకం వాష్ వేయడం కంటే వాష్, పొడి కుంచె, తడి మీద తడి మార్చి మార్చి చేయడం పరీక్షించి చూడదగ్గది. ఆ పూట పని అధ్వానంగా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

## ఎదుగుదలను ఎక్కడ చూడాలి

బొమ్మ బాగుందా అన్నది చెడ్డ కొలత, ఎందుకంటే చూపు చేతి కంటే ముందు పదునెక్కుతుంది. ఆరు నెలల కింద కనిపించని తప్పులు ఇప్పుడు కనిపిస్తుంటే, బొమ్మలు మెరుగైనా అధ్వానమైనట్టే తోస్తుంది. లెక్కపెట్టగలిగిన గుర్తులు కొన్ని ఉన్నాయి. ప్రతి బొమ్మ వెనక తేదీ, కాగితం, వాడిన పిగ్మెంట్ కోడ్‌లు, ఎన్ని పూతలు వేశారో రాసి ఉంచితే అవి బయటపడతాయి. ఒకే చోటికి తిరిగొచ్చిన సార్లు తగ్గాయా? ఫోన్‌లో నలుపు తెలుపు చేసి చూస్తే ఐదు టోన్లూ ఉన్నాయా, మూడేనా? బ్లూమ్ వచ్చినప్పుడు అది ఏ దశలో, ఎందుకు వచ్చిందో వెంటనే చెప్పగలుగుతున్నారా? కుంచె పైకెత్తి, మెరుపు చూసి, వేయకుండా దించేసిన సందర్భాలు పెరిగాయా? ఈ చివరిది కాగితం మీద ఎక్కడా కనిపించదు కాబట్టి, పక్కన పెన్సిల్‌తో ఒక్కో గీత పెట్టుకుంటూ పోవాలి.